మూడో సంతకం ఎవరిది?

కర్బన ఉద్గారాలు తగ్గించే పరిజ్ఞానాన్ని విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు కలిసి తయారుచేయాలన్న మాట ఇప్పుడు ప్రతి సదస్సులోనూ వినబడుతోంది. ఒప్పంద పత్రం మీద ఒక పక్క వైస్ ఛాన్సలరో డైరెక్టరో, మరో పక్క కంపెనీ అధిపతో సంతకం పెడతారు. మర్నాటి పేపర్లో ఫొటో వస్తుంది. ఆ తర్వాత ఏమైందన్న సంగతి మాత్రం ఎక్కడా రాదు. గత ఇరవై ఏళ్లకు పైగా మన దగ్గర జరిగిన ఇలాంటి ప్రయత్నాలను ఒకచోట చేర్చి, హైదరాబాద్, వరంగల్ మధ్యనున్న ఆలేరు వైపు నుంచి చూస్తే ఏది నిలబడిందో, ఏది ఎందుకు కూలిందో చెప్పాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఆలేరే ఎందుకంటే, ఇటు హైదరాబాద్‌లో ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ), ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ), వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఆ అవతల కందిలో ఐఐటీ ఉన్నాయి. అటు 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం, 163వ నంబరు జాతీయ రహదారి రెండూ ఆలేరు మీదుగానే పోతాయి. రెండు పక్కలా ఇంత చదువు, మధ్యలో మెట్ట పొలాలు, బోరుబావులు, మగ్గాలు. పైగా తెలంగాణ గర్వంగా చెప్పుకోదగ్గ ఒక ఆవిష్కరణ పుట్టింది ఈ మండలంలోనే.

శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం అది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు పేక నూలును ఆసు పోయాలి. ఒక చివర ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస ఉంటాయి. పోగును ఆ మేకు నుంచి ఈ మేకుకు, మళ్లీ వెనక్కి, వరస తప్పకుండా తిప్పుతూ పోవాలి. ఇంట్లో ఆడవాళ్ల పని ఇది. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పడుతుంది. ఇలా పోసిన పోగులకే, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగు అద్ది, ఆరబెట్టి మగ్గానికి ఎక్కిస్తారు. భుజాలు అరిగిపోయిన తల్లి లక్ష్మి ఇక పోయలేనని చెబుతుంటే, ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు 1992లో యంత్రం ఆలోచన మొదలుపెట్టాడు. డబ్బు చాలక మధ్యలో హైదరాబాద్ వచ్చి పనిచేసుకుంటూ, బాలానగర్‌లో ఒక యంత్రం కదలికను చూసి తన యంత్రంలో చిక్కుపడిన భాగానికి దారి కనుక్కున్నాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది.

మనకు తెలిసిన ఆ ఏడేళ్ల కథలో విశ్వవిద్యాలయం లేదు, కంపెనీ లేదు. యంత్రం తయారయ్యాకే చదువుకున్న లోకం దాన్ని గుర్తించింది. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీ బీ నెట్‌వర్క్, దానికి అనుబంధంగా ఎదిగిన జాతీయ ఆవిష్కరణల సంస్థ, ఇక్కడ బ్రిగేడియర్ గణేశం నడిపే పల్లెసృజన ఆయనకు తోడుగా నిలిచాయి. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. 2019లో ఆయన జీవితం సినిమా అయింది. ఈ పనిలో ఐఐఎం ఆచార్యుడి పాత్ర చిన్నదేమీ కాదు. ఊళ్లో పుట్టిన తెలివికి చట్టపరమైన హక్కు, పెట్టుబడి, పేరు తెచ్చిపెట్టడం విశ్వవిద్యాలయం చేయగల మంచి పనుల్లో ఒకటి. మన ఇంజనీరింగ్ కళాశాలలు ఆ పనికి ఎంత దూరంలో ఉన్నాయో ఈ కథే చెబుతుంది.

ఆసు యంత్రానికీ కర్బనానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. చేమగ్గానికి కరెంటు అక్కర్లేదు. ఆసు పోసే ఓపిక లేక ఒక కుటుంబం నేత మానేస్తే, ఆ చీర స్థానంలో మరమగ్గం మీద నేసిన బట్ట వస్తుంది. దాని వెనక బొగ్గు కరెంటు ఉంటుంది, పాలిస్టర్ అయితే పెట్రోలియం కూడా ఉంటుంది. ఒక చిన్న మోటారుతో నడిచే యంత్రం ఒక తక్కువ కర్బన వృత్తిని నిలబెట్టిందంటే, అది కొత్త సోలార్ పలక కనిపెట్టినంత పనే. తక్కువ కర్బన ఆవిష్కరణ అనగానే బ్యాటరీలు, హైడ్రోజన్ మాత్రమే తలపుకు రావడం మన ఆలోచనలోని లోటు. ఇప్పటికే తక్కువ కర్బనంతో బతుకుతున్నవాళ్లను ఆ బతుకులో నిలబెట్టే పరిజ్ఞానానికి మన పరిశోధన లెక్కల్లో పద్దు లేదు.

ఈ లెక్కలు ఇప్పుడు మారబోతున్నాయి కాబట్టే ఇదంతా మాట్లాడాలి. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం. అందులో ప్రైవేటు రంగం వాటా మూడో వంతుకు కాస్త పైన. 2019లో కంపెనీల సామాజిక బాధ్యత నిధులను ఐఐటీలకు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, జాతీయ ప్రయోగశాలలకు పరిశోధన కోసం ఇవ్వడానికి నిబంధనలు సడలించారు. 2023లో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు అనుకుంటే, అందులో ఎక్కువ భాగం పరిశ్రమల నుంచే రావాలని అంచనా వేసింది. అంటే ఒప్పందాలు ఇంకా పెరుగుతాయి. పాత ఒప్పందాల గతి ఏమైందో తెలుసుకోకుండా కొత్తవి రాసుకోవడం మంచిది కాదు.

వాటిలో అందరూ గుర్తుపెట్టుకోవలసింది తీపి జొన్న కథ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2003లో వ్యవసాయ వ్యాపార ఇంక్యుబేటర్ పెట్టింది. దాని అండతో రుస్ని డిస్టిలరీస్ అనే సంస్థ సంగారెడ్డి దగ్గర తీపి జొన్న గడల రసం నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం కట్టింది. రోజుకు 40 వేల లీటర్ల సామర్థ్యం. 2007లో ఉత్పత్తి మొదలైనప్పుడు ప్రపంచంలో తీపి జొన్నతో నడిచే మొదటి ఇథనాల్ కర్మాగారం ఇదేనన్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో జొన్న తాతల నాటి పంట. తీపి జొన్నకు చెరుకు అడిగినన్ని నీళ్లు అక్కర్లేదు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది, గింజ ఇంటికి, గడ ఫ్యాక్టరీకి. అన్నం పెట్టే పంటకూ ఇంధనానికీ పోటీ లేదు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన దొరకదు.

పొలంలో చిక్కు వచ్చింది. కోసిన గడను ఇరవై నాలుగు గంటల్లో గానుగ ఆడించకపోతే రసంలోని చక్కెర తగ్గిపోతుంది. కోత ఊరంతా ఒకేసారి వస్తుంది. కూలీలు దొరకరు, బండి దొరకదు, దొరికినా ఫ్యాక్టరీ దగ్గర వరసలో నిలబడాలి. నాలుగు రోజుల్లో గడ ఎండిపోయి బరువు తగ్గుతుంది, తూకంలో డబ్బు తగ్గుతుంది. కోతలు అయిపోయాక ఏడాదిలో చాలా నెలలు కర్మాగారానికి తీపి జొన్న దొరకదు. ఈ కష్టం శాస్త్రవేత్తలకు అర్థమైంది. ఉమ్మడి మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే గానుగ పెట్టి, రసాన్ని అక్కడే కాచి పాకం చేసి, పాకాన్ని మాత్రమే పంపే ఏర్పాటు చేశారు. అది నిజంగా మంచి సవరణ. కానీ అప్పటికి చమురు సంస్థలు లీటరు ఇథనాల్‌కు ఇచ్చే ధర 21 రూపాయల 50 పైసలు, 2010లో 27 రూపాయలు అయింది. చెరుకు మడ్డితో పోల్చి కట్టిన ఆ ధరలో జొన్న రైతు కూలి, గానుగ ఖర్చు, పొయ్యి ఖర్చు ఇమడలేదు. తీపి జొన్న ఇథనాల్ నిలదొక్కుకోలేకపోయింది.

విత్తనంలో లోపం లేదు, పులియబెట్టే రసాయనశాస్త్రంలోనూ లోపం లేదు. పరిశోధన సంస్థ, కంపెనీ కలిసి తమ ఇద్దరి మధ్య ఉన్నవన్నీ చక్కగా తేల్చుకున్నాయి. గడ నరికే రైతుకు టన్నుకు ఎంత గిట్టుతుంది, కొనే చమురు సంస్థ ఎంత ఇస్తుంది అన్న రెండు ప్రశ్నలు ఆ ఇద్దరి చేతిలో లేవు. నేను మూడో సంతకం అంటున్నది దీన్నే. ముడిసరుకు ఇచ్చేవాడో, చివరికి వాడుకునేవాడో, డబ్బు చెల్లించేవాడో, ఎవరు తప్పుకుంటే పని మొత్తం ఆగిపోతుందో వాళ్ల సంతకం.

ఆ రోజుల్లోనే కానుగ కథ కూడా నడిచింది. 2003లో జాతీయ బయోడీజిల్ మిషన్ ఊపందుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్షాభావ మండలాల్లో కానుగ మొక్కలు నాటించింది. ఆలేరు ఉన్న జిల్లాలోనే, చౌటుప్పల్ వైపు సంస్థాన్ నారాయణపురం దగ్గర సదరన్ ఆన్‌లైన్ బయో టెక్నాలజీస్ విదేశీ పరిజ్ఞానంతో బయోడీజిల్ కర్మాగారం పెట్టింది. కానుగ కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. కర్మాగారం వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి. కానుగ గింజలు చాలినన్ని దొరక్క ఇలాంటి కర్మాగారాలు వాడేసిన నూనెలు, జంతువుల కొవ్వు లాంటివాటి వెంట పడవలసి వచ్చింది. చెట్టు కాలం, బ్యాంకు కాలం ఒకటి కావన్న సంగతి మెట్ట రైతు ఎవరిని అడిగినా చెప్పేవాడు.

ఇదే కానుగతో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గోండు గూడెం పవర్‌గూడలో జరిగింది వేరు. జైనూరు మండలంలోని ఆ గూడెం మహిళా సంఘాలు ఇక్రిశాట్, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాయంతో కానుగ నూనె తీసుకున్నాయి. డీజిల్ వాడకం తగ్గినందుకు 147 టన్నుల కర్బన డయాక్సైడ్‌కు సమానమైన తగ్గింపును 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల కలిగిన ఉద్గారాలకు బదులుగా ఆ బ్యాంకు కొనుక్కుంది. కర్బన వ్యాపారం అన్న మాట మన పేపర్లలో పెద్దగా కనబడని రోజుల్లో ఒక గూడెం ఆడవాళ్లు ఆ వ్యాపారం చేశారు. మొత్తం చిన్నదే. కానీ అక్కడ సంతకం పెట్టింది గింజ ఏరినవాళ్లు, డబ్బు అందుకున్నదీ వాళ్లే. పెద్ద కర్మాగారాలకు దొరకనిది ఆ గూడేనికి దొరకడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

నిలబడిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. తార్నాకలోని ఐఐసీటీలో డాక్టర్ ఎ. గంగాగ్నిరావు బృందం గాలి చొరబడని తొట్టెలో చెత్తను త్వరగా కుళ్లబెట్టి గ్యాసు తీసే రియాక్టరుకు రూపమిచ్చి, పేటెంటు తీసుకుంది. హైదరాబాద్‌కే చెందిన అహుజా ఇంజనీరింగ్ సర్వీసెస్ ఆ పరిజ్ఞానంతో ప్లాంటు కట్టింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ డబ్బు పెట్టాయి. మార్కెట్లో రోజూ మిగిలే సుమారు 10 టన్నుల కుళ్లిన టమాటా, ఆకుకూరల కాడలు, క్యాబేజీ ఆకులు బెల్టు మీద ముందుకు పోయి, యంత్రంలో నలిగి, గుజ్జయి తొట్టెలోకి వెళతాయి. వచ్చిన గ్యాసు జనరేటర్ తిప్పుతుంది. రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం. వందకు పైగా వీధిదీపాలు, 170 దుకాణాలు, ఆఫీసు, నీటి సరఫరా ఆ కరెంటుతో నడిచాయి. వంట ఇంధనం మార్కెట్ క్యాంటీన్‌కు వెళ్లింది. 2021 జనవరి 31న ప్రధాని రేడియో ప్రసంగంలో దీని ప్రస్తావన వచ్చింది.

ఎందుకు నిలబడింది? చెత్త ఎక్కడినుంచో తేవక్కర్లేదు, అది అక్కడే పోగవుతుంది. దాన్ని తరలించే ఖర్చు మార్కెట్ కమిటీ ఎలాగూ పెడుతోంది. కరెంటు బిల్లు కట్టేదీ ఆ కమిటీయే. ముడిసరుకు ఇచ్చేవాడు, వాడుకునేవాడు, డబ్బు మిగుల్చుకునేవాడు ముగ్గురూ ఒకే గేటు లోపల ఉన్నారు. అందుకే మూడో సంతకం కోసం వెతుక్కోవలసిన పని పడలేదు. ఆలేరు, భువనగిరి లాంటి చోట్ల చెత్త అంత మోతాదులో ఒకచోట చేరదు. నమూనాను చిన్నది చేసి తెస్తే సరిపోతుందనుకోకుండా, ఇక్కడ పేడ ఎంత, పాల కేంద్రాల అవసరం ఎంత, వరిగడ్డి ఎంత అని ముందు లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టడం నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక వేసవిలో చేయగలిగిన పని.

ఖేతీ అనే సంస్థ పని కూడా ఈ కోవలోదే. కొందరు యువతీయువకులు పెట్టిన ఈ హైదరాబాద్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన కౌశిక్ కప్పగంతుల అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదివినవారు. చిన్న కమతంలో కొంత మేర వేసుకునే చవక హరితగృహాన్ని వాళ్లు తయారుచేశారు. 2022లో దానికి 10 లక్షల పౌండ్ల ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. బయట సాగుతో పోలిస్తే నీరు 98 శాతం తక్కువ, దిగుబడి ఏడింతలు అని బహుమతి ఇచ్చినవాళ్లు ప్రకటించారు. నాకు ఆ అంకెలకన్నా ముఖ్యంగా తోచింది, వాళ్లు షెడ్డుతో పాటు బ్యాంకు అప్పు, విత్తనం, సలహా, అమ్మకం కూడా చూసుకోవడం. ఈ మెట్టల్లో నీళ్లంటే బోరు మోటారు, మోటారంటే బొగ్గు కరెంటు. నీటి పొదుపే ఇక్కడ కర్బన పొదుపు.

ఐఐటీ హైదరాబాద్ చేసిన పనులు విడిగా చూడాలి. వరిగడ్డి లాంటి పంట వ్యర్థాలతో ఇటుకలు చేసి, 2021లో క్యాంపస్‌లోనే వాటితో కాపలాదారు గది కట్టి చూపించారు. గ్రీన్‌కో సంస్థ సహకారంతో సుస్థిరత మీద ప్రత్యేక విభాగమే తెరిచారు. అక్కడి ఆచార్యుడు నిశాంత్ దొంగరి మార్గదర్శకత్వంలో మొదలైన ప్యూర్ ఈవీ విద్యుత్ స్కూటర్లు మార్కెట్లోకి వచ్చాయి. క్యాంపస్‌లో పుట్టిన బ్యాటరీ పరిజ్ఞానం ఊళ్ల రోడ్ల మీదికి ఇంత త్వరగా రావడం గొప్పే. ఆ త్వరకు మరో ముఖం కూడా చూశాం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఆ సంస్థ స్కూటర్ బ్యాటరీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఉండగా పేలి ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. సంస్థ 2,000 వాహనాలను వెనక్కి పిలిపించింది. ఆ ఏడాది ఇతర కంపెనీల వాహనాలకూ నిప్పంటుకుంది, కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేసింది. ఏప్రిల్ ఎండలో, రేకుల ఇంట్లో, ఎగుడుదిగుడు కరెంటులో వాడేవాడు ఎలా వాడతాడో అమ్మకముందే ఊళ్లో పెట్టి ఏళ్ల తరబడి చూడాలి. ఆ ఓపిక కంపెనీకి ఉండదు, విశ్వవిద్యాలయానికి ఉండాలి. భాగస్వామ్యంలో దాని పాత్ర అదే.

కర్బనం అసలు ఎక్కడుందో కూడా మాట్లాడుకోవాలి. పాత నల్లగొండ జిల్లాలో దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సున్నపురాయి మీద సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నాయి. సిమెంటులో చిక్కేమిటంటే, బొగ్గు మానేసినా ఉద్గారం ఆగదు. సున్నపురాయిని 1,450 డిగ్రీల దగ్గర కాల్చి క్లింకర్ చేసేటప్పుడు రాయిలోంచే కర్బన డయాక్సైడ్ బయటికి వస్తుంది. దీనికి దొరికిన మంచి విరుగుడు ఒక భాగస్వామ్యం నుంచే వచ్చింది. స్విట్జర్లాండ్ లోజాన్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయం, క్యూబాలోని లాస్ విలాస్ విశ్వవిద్యాలయం, మన ఢిల్లీ, మద్రాస్ ఐఐటీలు కలిసి క్లింకర్‌ను సగానికి తగ్గించి, మిగతా చోట కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి పొడి, కాస్త జిప్సం కలిపే పద్ధతిని రూపొందించాయి. మట్టిని కాల్చడానికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు. ఉద్గారాలు 30 నుంచి 40 శాతం తగ్గుతాయి. మన దేశంలో సిమెంటు కంపెనీల బట్టీల్లోనే ప్రయోగాలు జరిగాయి. దానికి భారతీయ ప్రమాణం 2023లో వచ్చింది. పని మొదలై అప్పటికి పదేళ్లు.

పదేళ్లు ఎందుకు పట్టింది? శాస్త్రం తేలడానికి కొంతే పట్టింది. ఇంజనీరు నమ్మాలి, కాంట్రాక్టరు వాడాలి, ప్రభుత్వ పనుల టెండరులో ఈ సిమెంటు పేరు ఉండాలి. ఇక్కడ మూడో సంతకం ప్రమాణాలు రాసేవాళ్లది, కొనేవాళ్లది. తెలంగాణ రోడ్లు, భవనాల శాఖ ఒక్క జిల్లాలో బడి గదులకు ఈ సిమెంటు వాడతామని టెండరులో రాస్తే, కృష్ణ ఒడ్డు ఫ్యాక్టరీలకు అది వంద సదస్సులకన్నా గట్టి సంకేతం అవుతుంది.

డెన్మార్క్ గాలిమరల చరిత్ర ఈ విషయంలో మనకు బాగా పనికొస్తుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడ గాలిమరలు చేసింది పెద్ద కంపెనీలు కాదు, ఊరి కమ్మరులు, వడ్రంగులు, వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్లు. ఇవాళ ప్రపంచంలో పేరున్న వెస్టాస్ కూడా కమ్మరి కొలిమి నుంచి పుట్టి, వ్యవసాయ యంత్రాలు చేస్తూ ఎదిగిన సంస్థే. 1978లో రిసో జాతీయ ప్రయోగశాలలో చిన్న గాలిమరల పరీక్షా కేంద్రం పెట్టారు. అక్కడ పరీక్షలో నెగ్గిన మరకే ప్రభుత్వ రాయితీ ఇచ్చారు. ప్రయోగశాల ఇంజనీర్లు కమ్మరుల దగ్గర నేర్చుకున్నారు, కమ్మరులు ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నారు. మరలు కొన్నవాళ్లు సంఘం పెట్టుకుని, ఏ మర ఎంత కరెంటు ఇచ్చింది, ఏది విరిగింది అని నెలనెలా తమ పత్రికలో అచ్చువేశారు. ప్రయోగశాల, తయారీదారు, కొన్నవాడు ముగ్గురూ ఒకే పేజీలో ఉన్నారు. శారాజీపేటలో పుట్టిన నైపుణ్యం అలాంటిదే. మనకు లేనిది రిసో లాంటి పరీక్షా కేంద్రం, ఆ పత్రిక లాంటి బహిరంగత.

బహిరంగత లేకపోతే ఏమవుతుందో పాలమూరు చూపించింది. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరు దగ్గర ఇథనాల్ కర్మాగారం వచ్చినప్పుడు, మన్నెవాగు పాడవుతుందని చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డెక్కారు. 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ ఇథనాల్ కర్మాగారం మీద ఇలాంటి ఆందోళనే జరిగింది. పెట్రోలులో ఇథనాల్ కలపడం కర్బనం తగ్గించే పని అని ప్రభుత్వం అంటుంది. వాగు నీళ్లు తాగే పశువు గురించి ఊరు అడుగుతుంది. రెండూ న్యాయమైన మాటలే. ఈ రెంటి మధ్య నీళ్లు, గాలి పరీక్షించి, ఫలితాన్ని ఊరికి అర్థమయ్యే తెలుగులో చెప్పే స్వతంత్ర గొంతు కావాలి. అది విశ్వవిద్యాలయానిది కాక మరెవరిది? పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది అదే ప్రాంతం కోసం. అయితే కంపెనీ డబ్బుతో నడిచే విభాగం ఆ కంపెనీ కాలువ నీటిని పరీక్షిస్తే ఊరు నమ్మదు, నమ్మకూడదు కూడా. అందుకని పరిశ్రమతో భాగస్వామ్యం ఎంత పెరిగితే, పరిశ్రమ డబ్బు తాకని పరీక్షశాలకు ప్రభుత్వం అంత నిధి విడిగా కేటాయించాలి. ఈ మాట ఏ ఒప్పంద పత్రంలోనూ కనబడదు. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముందు రాయవలసిన షరతు.

ఇక ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి నేత ఊళ్ల చుట్టూ ఇవాళ చేయదగిన పని ఏమిటి? నేను రంగుల పొయ్యిని చూపిస్తాను. పట్టునూలు జిగురు పోవాలంటే సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టాలి. రంగు పట్టాలంటే మళ్లీ వేడి నీళ్లు. చాలాచోట్ల కింద కట్టెలే మండుతాయి. పొగ రంగు అద్దేవాళ్ల కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రంగు నీళ్లు పక్క కాలువలోకి పోతాయి. ఇళ్ల మీద కనబడే సోలార్ వాటర్ హీటర్ నీటిని అరవై డెబ్భై డిగ్రీల దాకా తెస్తుంది. అక్కడి నుంచి మరిగించడానికి పట్టే కట్టె చాలా తక్కువ. రంగు నీటిని తిరిగి వాడుకోవడం, వడపోసి వదలడం తెలిసిన రసాయనశాస్త్రమే. పెద్ద పరిశోధన అక్కర్లేదు. కావలసింది ఒక డైయింగ్ షెడ్డులో ఏడాదంతా, వానాకాలంతో సహా, కట్టె ఎంత మిగిలింది, రంగు సరిగా పట్టిందా, హీటర్ అప్పు వాయిదా ఎంత అని రాసిపెట్టుకునే ఓపిక.

మనుషులున్నారు, సంస్థలున్నాయి. వరంగల్ ఎన్‌ఐటీలో మెకానికల్, కెమికల్ విభాగాలున్నాయి. 2024లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. ఊళ్ల ఆవిష్కర్తలను వెతికే రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం నడుపుతోంది. సోలార్ హీటర్లు చేసే చిన్న పరిశ్రమలు హైదరాబాద్ చుట్టూ ఉన్నాయి. ఇన్ని ఉండీ ఆ షెడ్డు దాకా ఎవరూ రాకపోవడానికి కారణం, అక్కడి పనితో పరిశోధన పత్రం అచ్చవదు, పెద్ద గ్రాంటు రాదు. ఆచార్యుల పదోన్నతి లెక్కల్లో ఊళ్లో పనిచేసే యంత్రానికి విదేశీ పత్రికలో వచ్చిన వ్యాసంతో సమానమైన మార్కులు వేసేదాకా ఇది మారదు. ఆ నిబంధన మార్చడం రాష్ట్ర ప్రభుత్వం, విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు తలచుకుంటే అయ్యే పనే.

ఎన్‌ఐటీ, చేనేత సాంకేతిక సంస్థ ఆచార్యులకు నా విన్నపం ఒకటే. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్క రంగుల షెడ్డుతో మొదలుపెట్టండి. ఒప్పంద పత్రం మీద హీటర్ కంపెనీ సంతకంతో పాటు చేనేత సహకార సంఘం సంతకం, ఆ షెడ్డులో పనిచేసే మహిళల సంతకం కూడా తీసుకోండి. యంత్రం పాడైతే ఎవరు బాగుచేయాలి, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, ఖర్చు ఎవరిది అన్నవి అందులో తెలుగులో రాయండి. ఏడాది తర్వాత వచ్చిన లెక్కలను, మంచివైనా చెడ్డవైనా, సంఘం ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి.